ప్రయాణ సందేహాలు: అగ్నిపర్వతం అంచున ఒక పగలు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు, అగ్నిపర్వత ప్రాంతాన్ని గైడును పెట్టుకుని ఒక్క రోజులో చూసి రావడం గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాను.

ప్రశ్న: వచ్చే వేసవి సెలవులలో మేము ఆరుగురం బాలి ద్వీపానికి వెళ్లాలనుకుంటున్నాము. మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మామయ్య. అత్తమ్మకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. కింతామణి అనే అగ్నిపర్వత ప్రాంతానికి బస్సు టూర్లూ ప్రైవేటు గైడు టూర్లూ రెండూ ఉన్నాయని తెలిసింది. ప్రైవేటు టూరుకు ఖర్చు చాలా ఎక్కువగా కనిపిస్తున్నది. అంత పెట్టడం అవసరమేనా? పెట్టేటట్లయితే ముందుగా ఏమేమి మాట్లాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అత్తమ్మగారి మోకాళ్ల కోసమైనా సరే, ప్రైవేటు టూరే తీసుకోండి. బస్సులో వెళితే నలభై మంది దిగినప్పుడు దిగి, వాళ్లు ఎక్కేలోగా ఆవిడ కూడా ఎక్కాలి. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలో, అలసిపోతే ఎక్కడి నుంచి వెనుదిరగాలో మీరే నిర్ణయించుకునే వీలు కోసమే మీరు ఆ అదనపు డబ్బు ఇస్తున్నారు. పైగా ఇలాంటి టూర్లకు సాధారణంగా మనిషికి ఇంత అని కాక వాహనానికి ఇంత అని చెబుతారు కాబట్టి, ఆరుగురి మీద పంచి చూసుకుంటే తేడా మీరు భయపడినంత ఉండకపోవచ్చు.

అయితే బాలిలో ప్రైవేటు టూరు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చాలామంది అమ్మేది డ్రైవరుతో కూడిన కారును మాత్రమే; ఆ డ్రైవరు దారిలో నాలుగు మాటలు చెబుతాడు, మీరు గుడిలోకి వెళితే కారు దగ్గరే ఉండిపోతాడు. రెండవ రకంలో డ్రైవరు వేరు, లైసెన్సు ఉన్న గైడు వేరు. గైడు మీ వెంటే నడుస్తాడు. ధర విన్న వెంటనే ఇది ఏ రకమో అడగండి. గైడు వేరుగా వస్తాడంటే మరో చిన్న లెక్క ఉంది: మీరు ఆరుగురు, డ్రైవరు, గైడు కలిసి ఎనిమిది మంది అవుతారు, ఏడు సీట్ల కారు చాలదు. ఈ మాట ముందుగా చెప్పకపోతే ఆ ఉదయం హోటలు ముందు నిలబడి వాహనం మార్చుకోవడంలోనే గంట పోతుంది.

ఆ గంట చాలా విలువైనది. కొండ ప్రాంతం కావడం వల్ల కింతామణిలో తెల్లవారినప్పుడు ఆకాశం తేటగా ఉండి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకోవడం మామూలు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక, డ్రైవరు చెప్పినట్టే విన్నాను. అతను ముందు వెండి నగల దుకాణానికి, తరువాత బాతిక్ బట్టల దుకాణానికి, ఆ తరువాత పునుగుపిల్లి కాఫీ అమ్మే తోటకు తీసుకువెళ్లి, పన్నెండున్నరకు కొండ అంచుకు చేర్చాడు. అప్పటికి ఎదురుగా తెల్లని పొగమంచు తప్ప ఏమీ లేదు. రెండు గంటలు కూర్చున్నా కొండ కనిపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను: దుకాణాలేవీ వద్దని, ముందుగా నేరుగా కొండ అంచు మీది పెనెలోకన్‌కే తీసుకువెళ్లాలని బుకింగు సమయంలోనే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. సముద్రతీరంలోని కూటా నుంచి అక్కడికి సుమారు రెండు గంటలు పడుతుంది, ఉబుద్ నుంచి అయితే గంటకు కాస్త అటూ ఇటూ. కాబట్టి ముందు రోజు రాత్రి ఉబుద్‌లో బస చేసి, ఉదయం ఆరున్నరకల్లా బయలుదేరండి. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడి ఆరున్నర అంటే మన శరీరానికి తెల్లవారుజామున నాలుగు. అందుకని విమానం దిగిన మరునాడే ఈ టూరు పెట్టుకోవద్దు.

ఇక గైడు అవసరం ఎందుకో చెబుతాను. పెనెలోకన్ దగ్గర రోడ్డు సుమారు 1,500 మీటర్ల ఎత్తున కొండ అంచు మీదుగా పోతుంది. అక్కడ నిలబడితే లోపల పెద్ద పళ్లెం వంటి లోయ, దాని నడుమ 1,717 మీటర్ల బాతూర్ పర్వతం, ఒక పక్కన నెలవంకలా వంగిన సరస్సు, పర్వతం పాదాల దగ్గర తారు పోసి ఆరబెట్టినట్టు నల్లని రాతి పరుపు కనిపిస్తాయి. చెప్పేవారు లేకపోతే, బాగుంది అనుకుని నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాము. తెలిసిన మనిషి పక్కన ఉంటే, మనం నిలబడిన ఈ అంచే అసలైన పాత అగ్నిపర్వతమని, సుమారు 29,300 ఏళ్ల కిందట అది భీకరంగా పేలి లోపలి శిలాద్రవం ఖాళీ కావడంతో పైభాగం కూలిపోయి 10 కిలోమీటర్ల వెడల్పు, 13 కిలోమీటర్లకు పైగా పొడవు గల గుంత ఏర్పడిందని, సుమారు 20,150 ఏళ్ల కిందట మరోసారి కూలి ఆ గుంతలోనే ఇంకో గుంత పడిందని, ఎదురుగా కనిపిస్తున్న పర్వతం ఆ తరువాత దాని మధ్యలో మొలిచిన పిల్ల అని చెబుతారు. అప్పుడు మీ పిల్లలు ఆ లోయను చూసే చూపే మారిపోతుంది. ఈ కూలిన గుంతనే కాల్డెరా అంటారు. అక్కడి మ్యూజియంలో దీనిని బొమ్మలతో వివరిస్తారు. పిల్లల కోసం దానికి ఒక అరగంట ఉంచుకోండి.

తరువాత చూడవలసినది ఉలున్ దాను బాతూర్ ఆలయం. మొదట ఈ ఆలయం, దాని ఊరు కింద లోయలోనే ఉండేవి. 1926లో ప్రవహించిన లావా ఊరిని కప్పివేయగా, జనం దేవతను తీసుకుని పైకి వచ్చి ఈ అంచు మీద మళ్లీ గుడి కట్టుకున్నారు. ఆ దేవత సరస్సు తల్లి, దేవి దాను. వరంగల్ ప్రాంతం వారికి ఈ కథ ఎంతో దగ్గరగా అనిపిస్తుందని నా నమ్మకం. బాతూర్ సరస్సు నుంచి పైకి కనిపించే కాలువ ఏదీ బయటికి పారదు. నీరు అగ్నిపర్వత శిలల్లోకి ఇంకి, దిగువన ఊటలుగా బయటపడుతుంది. ఆ నీటిని మడి తరువాత మడికి పంచుకునే రైతుల సంఘాలను సుబక్ అంటారు. ఎవరి మడికి ఎప్పుడు నీరు వదలాలో నీటి దేవాలయాల పూజలతో పాటు తీర్మానించుకుంటారు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల కింద సాగు చేసిన మన ఊళ్లలో తూము ఎప్పుడు తీయాలో, ఎవరి పొలానికి ఎంత పారించాలో చూసే నీరడి ఉండేవాడు కదా. మీ మామయ్యగారు ఆ కాలపు నీరడిని ఎరిగినవారైతే, సుబక్ గురించి గైడును ఆయన చేతనే అడిగించండి. నేను వెంట వచ్చిన గైడుకు పాకాల, రామప్ప చెరువుల సంగతి చెప్పినప్పుడు, అతను తన తండ్రి సుబక్‌లో చేసిన పనిని అరగంట సేపు వివరించాడు. ఏ బస్సు టూరులోనూ ఆ సంభాషణ జరగదు. సుబక్ భూదృశ్యాన్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

కింద సరస్సు ఒడ్డున ఉన్న తోయా బుంకా ఊరికి దిగే రోడ్డు బాగా నిటారుగా, మెలికలతో ఉంటుంది. కారులో కడుపు తిప్పే అలవాటు ఉన్నవారిని ముందు సీటులో కూర్చోబెట్టండి. అక్కడ వేడినీటి కొలనులు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు ఉన్న ఆవిడకు పర్వతం ఎక్కడం కంటే వెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకుని సరస్సును చూడడమే హాయి. తిరుగు దారిలో గునుంగ్ కావి, తీర్థ ఎంపుల్ అనే రెండు పుణ్యక్షేత్రాలు వస్తాయి. మొదటి దానిలో 11వ శతాబ్దంలో మెత్తని అగ్నిపర్వత శిలలో తొలిచిన ఎత్తైన గోపురాల వంటి రాతి గూళ్లు అద్భుతంగా ఉంటాయి గాని, వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. మీ అత్తమ్మగారు తీర్థ ఎంపుల్ ఊట దగ్గరే ఉండడం మంచిది. పిల్లలకు ఓపిక ఉంటే మీ వారు వాళ్లను మెట్లు దింపి తీసుకురావచ్చు. ఆలయాలలో నడుముకు వస్త్రం చుట్టుకోవాలి, నెలసరి సమయంలో స్త్రీలను లోపలికి రానివ్వరు.

డబ్బు విషయంలో, చెప్పిన ధరలో ప్రవేశ టికెట్లు, పార్కింగు, భోజనం ఉన్నాయో లేదో, ఎన్ని గంటల తరువాత అదనపు చార్జీ మొదలవుతుందో అడగండి. అంచు మీది హోటళ్లు ఎక్కువగా బఫే భోజనం పెడతాయి. మీరు శాకాహారులైతే కూరగాయల వంటలో కూడా రొయ్యల ముద్ద కలిపే అలవాటు ఉందని గుర్తుంచుకుని, గైడు చేత వంటవాళ్లను అడిగించండి. ఎందుకైనా మంచిది, సకినాలో అటుకుల చుడువానో చేతిలో ఉంచుకోండి. ఎండాకాలమైనా ఉదయం అక్కడ చలిగాలి ఉంటుంది; పెద్దలకు స్వెట్టర్లు తప్పనిసరి. మన వేసవి సెలవులు అక్కడి పొడి కాలంలోనే వస్తాయి గనుక మీరు ఎంచుకున్న సమయం సరైనదే.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. సూర్యోదయానికి బాతూర్ పర్వతం పైకి ఎక్కించే టూరు ఉందట. ఆ టూరు, పగటి టూరు రెండూ ఒకే రోజు ఒకే గైడుతో పూర్తి చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఒకే రోజు వద్దండి, ఒకే గైడుతో సాధారణంగా కుదరదు కూడా. పర్వతం ఎక్కడానికి అక్కడి స్థానిక గైడును తప్పనిసరిగా పెట్టుకోవాలి. మీరు ఉబుద్ నుంచి తెచ్చుకున్న గైడు ఎంత మంచివాడైనా పాదాల దగ్గర ఆగిపోవచ్చు. ఆ రుసుము టూరు ధరలో కలిసి ఉందో లేదో చూసుకోండి. రాత్రి రెండింటికి హోటలులో లేపుతారు, నాలుగు ప్రాంతంలో నడక మొదలవుతుంది, చీకటిలో తలకు దీపం కట్టుకుని సుమారు రెండు గంటలు ఎక్కాలి. దిగి వచ్చేసరికి నిద్ర లేక, కాళ్లు లాగి, ఆ తరువాత ఏ ఆలయం చూపించినా మనసుకు ఎక్కదు.

మీరు నడిచే ఐదు కిలోమీటర్లు మంచి అలవాటే గాని, చదునైన రోడ్డు మీద నడకకూ దీనికీ పోలిక లేదు. పై భాగంలో వదులు గులకరాళ్లు, బూడిద ఇసుక కాలి కింద జారుతుంటాయి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు పరీక్ష. బయలుదేరే ముందు నెల రోజులు కొండగట్టుకు మెట్ల దారిన ఎక్కి దిగి చూడండి. ఆగకుండా ఎక్కగలిగి, మరునాడు కాళ్లు సలపకుండా ఉంటేనే బుక్ చేయండి. బి.పి., గుండె మందులు వాడుతున్నట్లయితే డాక్టరును అడగనిదే వెళ్లవద్దు. శిఖరం దగ్గర నేల పగుళ్ల నుంచి ఆవిరి వస్తుంటుంది, ఉబ్బసం ఉన్నవారికి అది పడకపోవచ్చు. ఎక్కలేమనిపిస్తే బిడియపడనవసరం లేదు. జీపులో అంచు మీది చోటుకు వెళ్లి సూర్యోదయం చూసి, తరువాత లావా పరుపు మీదికి వెళ్లే టూర్లు ఉన్నాయి. నాకైతే ఆ నల్లని లావా మీద నడవడమే శిఖరం కంటే ఎక్కువ నచ్చింది. రాయి ఎక్కడ తాడులా మెలిక పడిందో, ఎక్కడ గాలి బుడగలు పోయి జల్లెడలా మిగిలిందో వంగి చూసే తీరిక అక్కడ ఉంటుంది.

ప్రశ్న: మేము అక్కడ ఉన్నప్పుడే అగ్నిపర్వతం పేలితే? ఇచ్చిన డబ్బు సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బాతూర్ చివరిసారి 2000లో విస్ఫోటం చెందింది. పక్కనే ఉన్న అగుంగ్ దీని కంటే పెద్దది, ప్రమాదకరమైనది. 1963లో అది పేలినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. అయితే ఇప్పుడు ఇండోనేషియా ప్రభుత్వం ఈ పర్వతాలను నిత్యం గమనిస్తూ నాలుగు స్థాయిల హెచ్చరికలు జారీ చేస్తుంది. మొదటిది మామూలు స్థితి. రెండవది వాస్పాడ, మూడవది సియాగ, నాలుగవది అవాస్. స్థాయిని బట్టి శిఖరం చుట్టూ కొంత దూరం వరకు ప్రవేశం నిషేధిస్తారు. టూరుకు ముందు రోజు ఆ స్థాయి ఎంతో గైడును అడగండి, నిషేధం ఉన్నప్పుడు దొంగదారిన ఎక్కిస్తానన్నవారిని ఎంతమాత్రం నమ్మవద్దు.

పర్యాటకులకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ప్రాణభయం కంటే విమానాలు ఆగిపోవడం. 2017 నవంబరులో అగుంగ్ బూడిద వల్ల బాలి విమానాశ్రయాన్ని మూసివేశారు. 2024 నవంబరులో ఎక్కడో ఫ్లోరెస్ ద్వీపంలోని లెవొటోబి పర్వతం బూడిద చిమ్మితే బాలికి వచ్చే విమానాలు రద్దయ్యాయి. అందుచేత తిరిగి వచ్చిన మరునాడే ఇంట్లో పెళ్లో, ఆఫీసులో ముఖ్యమైన పనో పెట్టుకోవద్దు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అగ్నిపర్వత బూడిద వల్ల కలిగే రద్దు దానిలో ఉందో లేదో చదివి చూడండి. టూరు డబ్బు మొత్తం ముందుగా కట్టవద్దు. కొంత అడ్వాన్సు ఇచ్చి, పర్వతం మూసివేస్తే తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది రాయించుకోండి.

ఇంకొక్క మాట. బాలి వారి కొత్త సంవత్సరం న్యేపి నాడు ఊరంతా మౌనం పాటిస్తుంది. విమానాశ్రయంతో సహా అన్నీ మూతపడతాయి, పర్యాటకులు కూడా హోటలు దాటి రాకూడదు. అది వాళ్ల శక సంవత్సరాది కావడం వల్ల మన ఉగాదికి దగ్గరగా వస్తుంటుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. ఉగాది సెలవుల చుట్టూ టికెట్లు తీసుకునేవారు ఈ తేదీ చూసుకోవాలి.

ప్రశ్న: మా చేలలోని నల్లరేగడి అగ్నిపర్వతం నుంచి పుట్టిందేనని బడిలో చదువుకున్నాను. నిజమేనా? నిజమైతే పాస్‌పోర్టు, వీసా లేకుండా ఇక్కడే గైడుతో చూడదగిన అగ్నిపర్వత ప్రాంతం ఏదైనా ఉందా?
– ఒక పత్తి రైతు, భైంసా

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు చాలా కృతజ్ఞుడిని. మీరు చదివింది నిజం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో నేల పొడవునా చీలి, ఆ చీలికల నుంచి లావా పొరలు పొరలుగా పారింది. బాతూర్ లాగా ఒక శిఖరం నుంచి చిమ్మింది కాదు గనుక మనకు ఇక్కడ మొనదేలిన అగ్నిపర్వతం ఏదీ కనిపించదు. ఆ లావా గడ్డకట్టిన బసాల్టు రాయి ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉంది. పడమటి కనుమల వైపు దాని మందం రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది, మన వైపుకు వచ్చేసరికి పలుచబడుతుంది. నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతాలు ఆ పరుపుకు తూర్పు కొసన ఉన్నాయి. ఆ రాయి లక్షల ఏళ్లు ఎండకూ వానకూ కుళ్లి మెత్తబడినదే మీ చేనులోని రేగడి. వేసవిలో నెర్రెలు విచ్చే గుణం, వాన వెలిసిన తరువాత కూడా తేమను పట్టి ఉంచి పత్తిని బతికించే గుణం రెండూ ఆ బంకమట్టివే.

వరంగల్ వైపు వస్తే నేల మారిపోయి గ్రానైటు గుట్టలు మొదలవుతాయి. అయినా పాలంపేటలోని రామప్ప గుడిలో, అద్దంలా మెరిసే నల్లని మదనిక శిల్పాలను చూడండి. అవి డోలరైటు రాతితో చెక్కినవి. ఇది కూడా శిలాద్రవమే, కాకపోతే భూమి పైకి రాక ముందే లోపలి పగుళ్లలో గడ్డకట్టినది. దక్కను లావా కంటే ఎంతో పాతది. గుడి గైడ్లు శిల్పి నైపుణ్యం గురించి చెబుతారు గాని, రాయి పుట్టుక గురించి అడిగితే తప్ప చెప్పరు; అడగండి.

దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఒక్కటే, దాని మీద కాలు పెట్టనివ్వరు. అందువల్ల మీకు నా సలహా అజంతా, ఎల్లోరా. అందరూ వాటిని శిల్పాల కోసం, చిత్రాల కోసం చూస్తారు. మీరు రాతి కోసం కూడా చూడండి. అజంతాలో వాఘోరా వాగు గుర్రపు నాడాలా కోసిన బసాల్టు గోడలోనే గుహలన్నీ తొలిచారు. ఎల్లోరా కైలాసాలయాన్ని అదే లావా రాతిలో పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. కొండ కోతలలో ఒక లావా పొర మీద ఇంకో పొర మెట్లలా పేర్చినట్టు కనిపిస్తుంది. కొన్ని చోట్ల రెండు పొరల నడుమ ఎర్రని గీత ఉంటుంది. ఒక లావా చల్లారి, మరొకటి వచ్చేలోగా గడిచిన కాలంలో పైభాగం మట్టిగా మారి, తరువాతి లావా వేడికి కాలిన గుర్తు అది. మీ పొలం మట్టి కథ మొత్తం ఆ గీతలో ఉంది.

బాసర స్టేషనులో రైలు ఎక్కితే నాందేడ్ మీదుగా నేరుగా ఛత్రపతి శంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) చేరవచ్చు. అక్కడి నుంచి ఎల్లోరా సుమారు 30 కిలోమీటర్లు, అజంతా సుమారు 100. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రోజు, కారు, పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడు మాట్లాడుకోండి. గైడును ఎంచుకునేటప్పుడు లోనార్ సరస్సు ఎలా ఏర్పడిందని అడగండి. అది అగ్నిపర్వత బిలమని చెబితే వేరొకరిని వెతుక్కోండి, సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసం గల ఆ గుంత బసాల్టు మీద ఉల్క పడి ఏర్పడినది. సెప్టెంబరులో, పత్తి ఏరడం మొదలుకాక ముందు వెళితే అజంతా లోయలో జలపాతం కూడా దూకుతూ ఉంటుంది. అజంతాకు సోమవారం, ఎల్లోరాకు మంగళవారం సెలవు కాబట్టి, బుధవారం ఉదయానికి దిగేలా టికెట్లు తీసుకోండి.